కుర్చీకి కట్టేసిన హీరో, ఎర్ర దుప్పటి

మీసాలు మొలిచే వయసులో మా రాజంపేట పిల్లోళ్లకు సినిమా పిచ్చి పట్టడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు, చేతిలో ఫోను ఉంటే చాలు. మా పెదనాయన కొడుకు మాత్రం హైదరాబాదులో కొన్నాళ్లు ఏదో కోర్సు వెలగబెట్టి, నల్లద్దాలు పెట్టుకుని, డైరెక్టరై దిగాడు. తీయబోయేది సస్పెన్స్ థ్రిల్లరంట. కథంతా ఒకే గదిలోనంట. "ఒకే గది ఎందుకురా?" అంటే, "చూసేవానికి ఊపిరాడకూడదురా" అన్నాడు. (బయట తీయాలంటే ఆటో ఛార్జీలకు కూడా గతి లేదని తర్వాత తెలిసింది.)

ఆ గది కోసం మా దుప్పట్ల అంగడి మీద కన్నేశాడు. "అంగడి ఇస్తే నీకు శవం వేషం" అన్నాడు. బేరాల మధ్య పెరిగినవాణ్ణి, మొదటి మాటకే ఒప్పుకుంటానా? శవం కాడినుంచి పోలీసుకు, పోలీసు కాడినుంచి హీరోకు లాగాను. తీరా చూస్తే, హీరో అంటే సినిమా అంతా కుర్చీకి కట్టేసి ఉండేవాడు! (దానికన్నా శవమే నయం, హాయిగా పడుకోవచ్చు.) అయినా నా మొహం తెర మీద పడుతుందని ఆశ.

కెమెరా ఒక పెళ్లిళ్ల వీడియో ఆయనది. ఆయన ముహూర్తానికి పోయేలోగా, ఆపకుండా, ఒక్కసారే తీసెయ్యాలి. తప్పితే మళ్లీ లేదు. పొద్దున్నే షట్టరు దించి నన్ను కట్టేశారు. బయట హంతకుడు తిరుగుతుంటాడు, నేను నోరు తెరిస్తే చచ్చినట్టే. అదీ కథ. కళ్లు పెద్దవి చేసి ఊపిరి బిగబట్టాను. అప్పుడు షట్టరు మీద నిజంగానే ఎవరో కొట్టారు.

"ఏమప్పా, దుప్పట్లు ఉండాయా?"

ఎవరో పెద్దామె. మా ఇంట్లో పొద్దున మొదటి బేరాన్ని, అదే బోణీని, తిప్పి పంపితే ఆ రోజంతా అంగడి నిద్రపోతుందని నమ్మకం. డైరెక్టరు రెండు చేతులూ జోడించి మాట్లాడొద్దని సైగ చేస్తున్నాడు. నా నోరు నా మాట వినలేదు.

"ఉండాయి, రామ్మా! బోణీ బేరం, నువ్వు చెప్పిందే ధర!"

షట్టరెత్తుకుని వంగి లోపలికొచ్చింది. నన్ను ఎగాదిగా చూసి, "ఏం చేసినావప్పా, ఇట్ల కట్టేసినారు?" అంది.

"సినిమా తీస్తాండాము లేమ్మా. ఆ ఎర్రది లాగి చూడు, ఎంత మెత్తగా ఉండాదో!"

"సినిమా అంతా ఈడనేనా?"

"అంతా ఈడనే."

"ఎవురప్పా కూసోని చూసేది? తాడు వదులుగా ఉండాది, షట్టరుకు తాళం లేదు. లేసి ఇంటికి పోకుండా!"

ఎర్రది తీసుకుంది. వీడియో ఆయన కెమెరా సర్దుకుని పెళ్లికి పోయాడు. సినిమా పుట్టకముందే పోయింది. చూసేవాళ్ల అదృష్టం.

ఆ రోజు కెమెరాలో పడిన ముక్క నా ఫోనులో ఇంకా ఉంది. అందులో నేను భయపడే తీరు అజీర్తి చేసినవాడిలా ఉంటుంది. కానీ ఆమె గొంతు వినపడగానే ఆ కుర్చీలో పిల్లోడి మొహం వెలుగుతుంది చూడండీ, అది నటన కాదు. ఇప్పుడు గిరాకీ వస్తే నేను ఫోనులోంచి తలెత్తకుండానే "ఏం కావాల?" అంటాను. ఆ పిల్లోడే ఈ అంగడికొస్తే, నా మొహం చూసి పక్కంగట్లో కొనుక్కుంటాడు.