ఉన్ని టోపీలో చిక్కిన చెవి

ఆస్పత్రికి రానని మొండికేసిన గర్భిణులకి నచ్చజెప్పి ఆటో ఎక్కించడం నా ఉద్యోగంలో భాగం. పద్దెనిమిదేళ్ళుగా ఎక్కిస్తున్నాను. మొన్న చలికాలంలో, టీకాల రోజున మాత్రం, ఊరి తల్లులంతా కలిసి నన్నే ఆటో ఎక్కించి పంపేశారు. కారణం నా ఎడమ చెవి. మధ్యలో నవ్వనంటే మొదట్నుంచీ చెబుతాను.

నేను అరకులోయకి పైన, కొండ మీద ఊళ్ళు చూసుకునే ఏఎన్ఎంని. అందరూ నర్సమ్మ అంటారు. వయసు నలభై నాలుగు. మా అమ్మాయి హారిక విశాఖలో డిగ్రీ చదువుతోంది. ట్రైనింగని నేను విశాఖ వెళ్ళినప్పుడు సాయంత్రం వచ్చి కలిసింది. కలవగానే, చెవి కుట్టించుకుంటానంది. తమ్మెకి కాదు, అది ఎప్పుడో ఒకటో ఏటే కుట్టించాం. పైన అంచు దగ్గర గట్టిగా ఉంటుంది చూడండి, అక్కడ.

వద్దన్నాను. అక్కడికి రక్తం సరిగా అందదు, చీము పట్టిందంటే చెవి ఆకారమే మారిపోతుంది అని నాకు తెలిసిందంతా దారి పొడుగునా అప్పజెప్పాను. అది ఊఁ కొడుతూనే నన్ను పార్లరు దాకా తీసుకుపోయింది.

పార్లరులో పిల్ల గ్లౌజులు వేసుకుని సూది ప్యాకెట్టు చింపింది. అంతే, మా హారిక మొహం పాలిపోయింది. రేపొస్తానంది. నాకు చిన్నతనంగా అనిపించింది. వారానికి ఎంతమందికి సూదులు వేస్తాను, నా కడుపున పుట్టి సూదికి భయపడుతుందా అని. "ఇందులో ఏటుందే భయపడ్డానికి, చూడు" అని నేనే కుర్చీలో కూర్చున్నాను. కూర్చోవడం వరకే నా ఉద్దేశం. పార్లరు పిల్ల ఏ వైపండీ అని అడిగింది. ఎడమ అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.

రెండు నిమిషాల్లో అయిపోయింది. అద్దంలో చూసుకుంటే తెల్లరాయి మెరుస్తోంది. అబద్ధమెందుకు, బాగానే ఉంది. ఆపడానికి వెళ్ళిన నేను కుట్టించుకుని వచ్చాను, కుట్టించుకోవడానికి వెళ్ళిన మా అమ్మాయి ఫొటోలు తీసుకుని వచ్చింది.

ఆ పిల్ల ఒక కాగితం ఇచ్చి జాగ్రత్తలు చెప్పబోయింది. ముట్టుకోకూడదు, తిప్పకూడదు, ఆ వైపు పడుకోకూడదు, రోజూ సెలైన్‌తో కడగాలి, పూర్తిగా మానడానికి ఆరు నెలలైనా పడుతుంది అని. నేను నవ్వేశాను. మా దగ్గర పెద్దాపరేషన్ కుట్లే నెలన్నరకి మానిపోతాయమ్మా, నేను నర్సుని అన్నాను. ఆ పిల్ల పాపం కాగితం మడిచి నా బ్యాగులో పెట్టింది. అది అక్కడే ఉండిపోయింది.

మర్నాడు కిరండూల్ రైల్లో కొండెక్కుతూనే మొదలైంది. కిటికీకి ఆనుకుని కునుకు తీశాను, ఎడమ వైపే. బొర్రా దాటేసరికి చెవి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చి మా అమ్మకి ఫోన్ చేశాను, ఆ ఫోను కూడా ఆ చెవికే పెట్టుకున్నాను. అమ్మ ముందు నా వయసు గుర్తుచేసింది. తర్వాత, రోజూ పోగు తిప్పాలి, లేకపోతే కండ పట్టేస్తుంది, కొబ్బరినూనెలో పసుపు కలిపి రాయి అంది. చిన్నప్పుడు నాకు అలాగే చేసిందట.

ఇదే మాట ఏ తల్లి నాతో అన్నా పావుగంట క్లాసు పీకుతాను. కానీ చెప్పింది మా అమ్మ కదా. పొద్దున, సాయంత్రం శ్రద్ధగా పోగు తిప్పాను, పసుపు రాశాను. మధ్యలో అనుమానమొచ్చి స్పిరిట్‌తో కూడా తుడిచాను. మా ఆయనకి నాలుగు రోజుల దాకా పోగు కనబడనే లేదు. అయిదో రోజు దుప్పటి లాగుతుంటే చెవికి తగిలి నేను కేక పెట్టాను, అప్పుడు లేచి లైటు వేసి, ఇదెప్పుడు అని అడిగాడు.

రెండో వారానికి చెవి పై భాగం పండు మిరపకాయలా తయారైంది. డాక్టరు గారికి చూపించాలంటే సిగ్గు. మా పీహెచ్‌సీ డాక్టరమ్మ నా కంటే పదిహేనేళ్ళు చిన్నది. ఈ వయసులో ఫ్యాషనా అనుకుంటుందేమోనని, చలి సాకుతో శుక్రవారం సంతలో ఒక ఉన్ని టోపీ కొనుక్కుని చెవులు మూసేశాను. అరకులో డిసెంబరు కదా, ఎవరికీ అనుమానం రాదు.

టీకాల రోజు వచ్చింది. అంగన్‌వాడీలో తల్లులంతా కూర్చున్నారు. అందరికీ వేసేశాను, చివర ఒక్క గుంటడు మిగిలాడు, తొమ్మిది నెలలవాడు. వాడికి సూది వేసి, దూది పట్టుకుని ముందుకి వంగానో లేదో, వాడు ఏడుస్తూ నా టోపీ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. టోపీ సగం వచ్చి ఆగిపోయింది. రాయిని పట్టి ఉంచే సన్నటి పళ్ళకి ఉన్ని చుట్టుకుపోయింది. వాడు వదలడు, టోపీ రాదు. నేను పెట్టిన కేకకి వాడే ఏడుపు ఆపి నా వైపు చూశాడు.

వాళ్ళమ్మ వాడి వేళ్ళు విడదీసింది. ఆశా కార్యకర్త సుభద్ర టోపీ ఎత్తి చూసి, అయ్యో సిస్టర్ అంది. తల్లులంతా లేచొచ్చి చుట్టూ నిలబడ్డారు.

వాళ్ళని పక్కకి తప్పిస్తూ గుర్బారి ముందుకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి, రెండు చెవుల అంచుల పొడుగునా చిన్న చిన్న రింగులుంటాయి. ఈవిడకీ నాకూ అప్పటికి మాటల్లేవు. అంతకు ముందు నెల మనవడి కాలి పుండుకి పొగాకు పొడి అద్దిందని అందరి ముందూ కేకలేశాను. ఆవిడ నా చెవి వైపు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"సబ్బేదీ?" అంది సుభద్రతో. "సేతులు కడుక్కోకుండా పుండు ముట్టకూడదంట."

నా మాటలే. తాపీగా మోచేతుల దాకా కడుక్కుంది. నేను తల వంచుకుని, టోపీ వేలాడేసుకుని కూర్చున్నాను. వచ్చి నా దగ్గర కత్తెర తీసుకుని, ఉన్ని ఒక్కో పోగూ కత్తిరించి, ఎక్కడా నొప్పి తెలియకుండా టోపీ విడదీసింది. ఆ తర్వాత చెవి దగ్గర వాసన చూసింది.

"ఏటి రాసినావు?"

చెప్పక తప్పలేదు. పసుపు, కొబ్బరినూనె అన్నాను. స్పిరిట్ సంగతి మాత్రం చెప్పలేదు.

గుర్బారి వెనక్కి తిరిగి తల్లులందరికీ వినబడేలా, "నాను పొగాకు పెడితే తప్పు, నర్సమ్మ పసుపు పెడితే మందు" అంది. అందరూ నవ్వారు. సుభద్ర కూడా నవ్వింది. గుర్బారికైతే ఆ రింగులన్నీ చిన్నప్పుడు ఏడుస్తుంటే నలుగురు పట్టుకుని కుట్టించారట. నన్ను ఎవరు పట్టుకున్నారని అడిగింది. ఎవరూ పట్టుకోలేదు, నేనే కూర్చున్నానంటే ఆవిడకి నమ్మకం కుదరలేదు.

ఇక ఆస్పత్రికి పొమ్మన్నారు. రేపు వెళ్తానన్నాను. రేపన్న మాట నేను ఎవరి దగ్గరా ఒప్పుకోను కదా, వాళ్ళూ ఒప్పుకోలేదు. ఆటో పిలిచారు, నాకు శాలువా కప్పారు, సుభద్రని తోడిచ్చారు. తను అలవాటు కొద్దీ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అది చూసి ఆటో అతను గతుకుల్లో మెల్లగా పోనిస్తూ, నొప్పులెప్పుడు మొదలయ్యాయని అడిగాడు. రెండు వారాలైందన్నాను. పాపం, వెనక్కి తిరిగి ఒకసారి నా పొట్ట వైపు చూశాడు.

డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. అదే కష్టమనిపించింది. వాపుకి పోగు బిగిసిపోయిందని వెనక మర కాస్త వదులు చేసింది. పోగు తీసెయ్యనా అంటే వద్దంది, ఇప్పుడు తీస్తే రంధ్రం మూసుకుని చీము లోపలే ఉండిపోతుందట. మందులు రాసింది. "మీకు నేను కొత్తగా చెప్పేదేముందండీ" అంటూనే, ముట్టుకోకూడదు, తిప్పకూడదు, సెలైన్ తప్ప ఏమీ రాయకూడదు అని అన్నీ చెప్పింది. ఈసారి బుద్ధిగా విన్నాను. బ్యాగులో కాగితంలో ఉన్నవే.

అదృష్టం బాగుండి చెవి దక్కింది. పది రోజులకి ఎరుపు తగ్గింది, పూర్తిగా మానడానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ టీకాల రోజున గుర్బారి వచ్చి, నా చెవి చూసి, సరేనన్నాకే నేను పిల్లల బరువులు తూచేదాన్ని. రాయి మెరుపు బాగుందని ఆఖర్న ఒప్పుకుంది.

మొన్నొకసారి అంగన్‌వాడీ వెనక ఒక తల్లి కొడుకుని కోప్పడుతోంది. వాడు మోకాలి మీద పుండు పొక్కు గిల్లుతున్నాడు. గోడకి నేనంటించిన పోస్టర్లు పదున్నాయి, రంగుల్లో, బొమ్మలతో సహా. ఆవిడ వాటి వైపు చూడనైనా లేదు.

"గిల్లకురా, నర్సమ్మ చెవిలాగ అయిపోద్ది" అంది.

వాడు వెంటనే చెయ్యి తీసేశాడు.