ప్రార్థన బల్ల మీద అత్తరు పెట్టె

మా మనవరాలు కృప ముక్కు గురించి పాలకీడులో చెప్పుకునే కథల్లో సగం నేను పుట్టించినవే. ఐదేళ్ల పిల్లగా మా అరుగు మీద కూర్చుని, మూడు వీధుల అవతల ఎవరింట్లో గోంగూర ఉడుకుతోందో చెప్పేదని ఊరంతా చాటాను. నిజానికి ఆమె చెప్పింది పక్కింటి గోంగూర సంగతి. మిగతా వీధులు నేను కలిపాను. అయితే ఆ ముక్కు మాత్రం అబద్ధం కాదు. కందిపప్పు డబ్బాలో పురుగు పడితే మూత తీయకముందే చెప్పేది.

బీఎస్సీ చదివి హైదరాబాదులో మందుల కంపెనీ ల్యాబులో ఆరేళ్లు పనిచేసింది. పెళ్లయ్యాక కోదాడ వచ్చేసింది. భర్త ప్రశాంత్ అక్కడ స్కూలు వ్యాను నడుపుతాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో అత్తరు నూనెలు తీయడం రెండేళ్ల కిందట మొదలుపెట్టింది. పొట్టు తీసిన నువ్వులు బట్ట మీద పలచగా పరిచి, వాటి మీద మల్లెమొగ్గలు పరిచి, పైన మళ్లీ నువ్వులు కప్పుతుంది. పూలు రోజూ మార్చాలి. లేకపోతే తడికి కుళ్లు వాసన పడుతుంది. ఇరవై ఒక్క రోజులయ్యాక నువ్వులు గానుగకు వెళతాయి. వట్టివేరు, దవనం లాంటివాటిని రాగిబిందెకు గొట్టం బిగించి, ఆవిరి పట్టి తీసి, అదే నువ్వుల నూనెలో కలుపుతుంది.

ఈ వేసవిలో ఆమె ముందు రెండు దారులున్నాయి. పాత ల్యాబువాళ్లు మళ్లీ రమ్మన్నారు. జూన్ రెండున చేరాలి. చేరితే ఆమె హైదరాబాదులో, ప్రశాంత్ కోదాడలో. రాగిబిందె అటక మీద. సూర్యాపేటలో గాజులు, సెంట్లు అమ్మే బుచ్చయ్య తన దుకాణం అద్దాల బీరువాలో ఒక అర ఇస్తే మాత్రం ఉద్యోగం వద్దని చెప్పేస్తానంది. బుచ్చయ్య పెట్టిన షరతు ఒకటే.

"బిడ్డా, నీ ముక్కు గొప్పదే. కొనేది నీ ముక్కు కాదు గదా? ముప్పై మంది ఆడోళ్లను సూడనియ్యి. ఏ నంబరు మళ్లా కావాలంటరో చీటీల మీద రాయించుకొని రా. గా ఒక్క రకానికి అర ఇస్త."

కృపకూ అదే కావాలి. నెలల తరబడి అవే వాసనలు పీల్చి ఆమె ముక్కు మొద్దుబారింది. ఏది బాగుందో తనకే తెలియడం లేదు. ఐదు రకాలు ఎంచింది: ఒకటి మల్లె, రెండు సన్నజాజి, మూడు వట్టివేరులో దవనం, నాలుగు కస్తూరి పసుపు, ఐదు మరువం. ఒక్కోటి వేలి గోరంత సీసాలో పోసి, ఐదేసి సీసాలు, ఒక చీటీ కలిపి ముప్పై పొట్లాలు కట్టింది. మిర్యాలగూడలో ఉండే నా కూతురు శాంతకుమారి, అంటే కృపకు మేనత్త, వాళ్లింట్లో ప్రతి గురువారం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన జరుగుతుంది. పెట్టె అక్కడికి మోసుకెళ్లే పని నాకు పడింది.

"తాతా, మణికట్టు మీద ఒక్క చుక్క రాసుకోమను. రుద్దొద్దను. అప్పుడే ఒకసారి, గంటాగి ఒకసారి, సాయంత్రం ఒకసారి వాసన చూడమను. ఇంతే చెప్పు. ఇంకేం కలపకు," అంది కృప బస్టాండులో.

"నేనెప్పుడు కలిపిన?"

"ఎప్పుడు కలపలేదు?"

హుజూర్‌నగర్ మీదుగా బస్సులో మిర్యాలగూడ చేరేసరికి ప్రార్థన మొదలైంది. గదినిండా ఆడవాళ్లు. పెట్టె ఒళ్లో పెట్టుకుందామంటే మోకాళ్లు సహకరించలేదు. ముందున్న బల్ల మీద చోటు కనిపిస్తే అక్కడ పెట్టి గోడకు ఆనుకున్నాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. అది ఉత్త బల్ల కాదు. జబ్బుపడ్డవాళ్లకోసం తెచ్చిన నీళ్ల సీసాలు, కొబ్బరినూనె సీసాలు అందరూ దాని మీదే పెడతారు. చివర్లో పాస్టరమ్మ వాటి మీద చేయి చాపి ప్రార్థిస్తుంది. ఆ నూనె నుదుటికీ నొప్పులకూ రాసుకుంటారు. నాకు తెలియనిది కాదు. డెబ్బై ఆరేళ్లుగా చూస్తున్నదే. ఆ క్షణాన గుర్తు రాలేదంతే. పాస్టరమ్మ వచ్చింది, కళ్లు మూసుకుంది, కృప పెట్టె మీద కూడా చేయి చాపింది.

తర్వాత శాంతకుమారి పొట్లాలు పంచుతుంటే ఒకామె అడిగింది, "గిదేం నూనె, దేవదాసు తాతా?"

మణికట్టు, గంట, సాయంత్రం అని చెప్పి ఊరుకోవాల్సింది. కానీ ముప్పైమంది ఆడవాళ్లు నోరు తెరిచి నావైపే చూస్తున్నారు. అలాంటి సభ నాకు ఈమధ్య దొరకడం లేదు.

"ఇరవై ఒక్క దినాలు పూల మధ్యల పండుకోబెట్టి తీసిన నూనె, అమ్మా. గానుగ తిప్పిన ముసలెద్దు కాళ్ల మీద నాలుగు చుక్కలు పడ్డయి. సాయంత్రానికి అది తాడు తెంపుకొని హాలియా దాక ఉరికింది. ఎద్దుగలాయన ఆటోల పోయి పట్టుకొచ్చుకున్నడు."

గానుగకు కరెంటు మోటారు ఉందని ఎవరూ అడగలేదు.

సోమవారం చీటీలు కోదాడ చేరాయి. కృప వాటిని షెడ్డులో నేల మీద పరిచి, ఒక్కొక్కటే చదివి, నాకు ఫోన్ చేసింది. నేను వెళ్లగానే చీటీలు నా చేతిలో పెట్టింది. 'మోకాలు నొప్పి నయం. స్తోత్రం.' 'అయిదు సీసాలు కలిపి నడుముకు రాసిన. మంచిగ నిద్ర పట్టింది.' 'మా అల్లుడు రెండు దినాల నుంచి తాగుతలేడు.' ముప్పై చీటీల్లో ఒక్క దాని మీదా నంబరు లేదు. వాసన అన్న మాట లేదు.

"ఎద్దు ఎవరిది తాతా?" అని అడిగింది.

శాంతకుమారి అంతా చెప్పేసిందన్నమాట. తప్పు ఒప్పుకున్నాను. ఎద్దు హాలియా దాకా కాదు, హుజూర్‌నగర్ దాకానే వెళ్లిందని తగ్గించి చూశాను. ఆమె నవ్వలేదు. గోడమీది క్యాలెండరు చూసింది. జూన్ రెండుకు పదకొండు రోజులున్నాయి.

ఆ చీటీలు చూపిద్దామని సలహా ఇచ్చింది నేనే. మరునాడు సూర్యాపేట వెళ్లాం. బుచ్చయ్య కళ్లజోడు పైకి నెట్టుకుని నాలుగు చదివాడు. మిగతావి చదవకుండానే లేచి నిలబడ్డాడు.

"అరె, సెంటు ఎందుకు బిడ్డా! మోకాళ్ల నూనె అని రాసి పెడుదం. ఒక్క అర కాదు, రెండు అరలిస్త. సూర్యాపేటల నొయ్యని మోకాలున్నదా?"

కృప చీటీలు తీసుకుని మడిచింది.

"ఇది నొప్పి తగ్గించదు బాబాయ్. నాకు తెలుసు కదా అందులో ఏముందో. మందుల ల్యాబులో పనిచేసి వచ్చి మందు కానిదాన్ని మందని ఎట్లా అమ్మను?"

"తగ్గిందని ఆళ్లే రాసిండ్రు గదా!"

"రుద్దుకుంటే నువ్వుల నూనె ఏదైనా కాస్త హాయిగా ఉంటది. దానికి మా మల్లెపూలెందుకు?"

"నీ ఇష్టం. నాకు చీటీలైతే కావాలె. సెంటు అంటే సెంటు చీటీలు తే," అన్నాడు బుచ్చయ్య, తాను ఇస్తానన్న రెండు అరల వైపు చూసుకుంటూ.

గురువారం కృప తనే మిర్యాలగూడ వచ్చింది. ప్రార్థన అయ్యాక లేచి నిలబడి, అది ప్రార్థన కోసం తెచ్చిన నూనె కాదనీ, వాసన చూడమని పంపిన అత్తరనీ, పొరపాటు తమదేననీ చెప్పింది. గదిలో గుసగుసలు. కొందరు ముఖం చిన్నబుచ్చుకున్నారు. నడుము నొప్పి తగ్గినామె తన నడుము వైపు అనుమానంగా చూసుకుంది. పాస్టరమ్మ మాత్రం, "ప్రార్థన ఎటూ పోదులే అమ్మా, నీ పని మీద ఉంటది," అంది.

అప్పుడు వెనక నుంచి జానమ్మ నవ్వింది. ఉప్పుడు బియ్యం మిల్లులో వడ్లు ఆరబోసే మనిషి. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. గురువారం ఇక్కడికి వస్తుంది. ఏటా ఉర్సు జాతరకు అక్కడికి వెళుతుంది.

"నాకు మొదలే ఎరుక బిడ్డా, గిది సెంటని. దర్గకాడ గంధం ఎత్తినప్పుడు సిన్నప్పటి సంది సూస్తున్న. మోకాళ్లకు రాస్తరా దీన్ని? గిట్ల పెడతరు." చెవి మడతలోంచి చిన్న దూది ఉండ తీసి చూపించింది.

"మరి చీటీ మీద అట్లా ఎందుకు రాయలేదు అత్తా?"

"చీటీ నేనెక్కడ రాసిన? పక్కింటామె రాసింది. అందరికీ రాసినట్టే నాకూ రాసింది. మీ తాత ఎద్దు ముచ్చటకు పానం పోయేదాక నవ్విన గని, నమ్మిననా?"

నేను కిటికీ లోంచి బయటికి చూశాను.

"ఒక ముచ్చట చెప్త ఇను," అంది జానమ్మ. "మణికట్టు మీద ఒక్క చుక్క అంటివంట. నా మణికట్టు పొద్దంత వడ్లల్ల ఉంటది. ఉడికిన వడ్ల కంపు జుట్టుకు పడ్తది, చీరెకు పడ్తది, తానం చేసినా పోదు. గా కంపు మీద నిలవడేదే మాకు సెంటు. నీ మల్లె పది గంటలకే ఖతం. ఒక్కటే సాయంత్రం దాక ఉన్నది. నంబరు గిట్ల నాకు తెల్వదు. సీసాల నూనె ఆకుపచ్చగుంటది."

ఆకుపచ్చగా ఉండేది మూడో నంబరు. అయితే ఒక్కరి మాట చీటీ అవుతుందే గాని ముప్పై చీటీలు కాదు.

మరునాడు పొద్దున మిల్లు గేటు దగ్గర జానమ్మతో పాటు మరో పదిమంది ఆడవాళ్లకు ఐదేసి దూది ఉండలు ఇచ్చింది. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం, మూడో నంబరుకు ఆకుపచ్చది. కొంగు అంచున వరసగా కట్టుకున్నారు. సాయంత్రం ఐదు గంటలకు పని విడిచిపెట్టగానే గేటు బయట నిలబడి ఒక్కొక్కరి కొంగూ పట్టుకుని వాసన చూసింది. వచ్చేపోయే లారీ డ్రైవర్లు ఇదేం తనిఖీ అని ఆగి చూశారు. రోజంతా మిల్లు దగ్గరే ఉండి ఆ ఉడికిన వడ్ల ఆవిరి పీల్చిన కృప ముక్కు కడిగిన పళ్లెంలా ఉంది. నెలల తర్వాత తన నూనె తనకు మొదటిసారి తెలిసిందట. పదకొండు కొంగుల్లో తొమ్మిదింటికి ఆకుపచ్చ దారం దూది వాసన మాత్రమే మిగిలింది. మిగతా రెండింటికి ఏదీ మిగల్లేదు. వాళ్లు బాయిలర్ పక్కన పనిచేశారు. ఆ తొమ్మిది మందీ మళ్లీ అదే కావాలంటే చీటీల మీద రాయించుకుంది.

శనివారం సూర్యాపేట. బుచ్చయ్య చీటీలు లెక్కపెట్టాడు.

"ముప్పై అని చెప్పిన. గివి తొమ్మిది."

"తొమ్మిదే బాబాయ్. మిగతావి రాయించాలంటే తాత ఉన్నాడు. నాకొద్దు."

నేను నొచ్చుకోలేదు. బుచ్చయ్య మూడో నంబరు దూది చెవిలో పెట్టుకుని, చూద్దామన్నట్టు తల ఊపి బేరాల్లో పడ్డాడు. దుకాణమంతా అగరొత్తుల పొగ, పౌడరు వాసన. పొద్దుగూకే వేళకు, గాజులు తొడిగించుకుంటున్న ఒకావిడ ముక్కు ఎగబీల్చింది.

"ఏం సెంటు పెట్టినవ్ బుచ్చన్నా? మంచిగున్నది. నాకొకటియ్యి."

బుచ్చయ్య కృప వైపు చూశాడు. ఆవిడ నా వైపు తిరిగి, "దేంతో చేసిండ్రు తాతా?" అంది. దుకాణంలో ఐదారుగురు ఆడవాళ్లున్నారు. మంచి సభ. కృప కూడా నన్నే చూస్తోంది.

"వట్టివేరు, దవనం, నువ్వుల నూనె," అన్నాను. అంతటితో ఆగాను.

బుచ్చయ్య అద్దాల బీరువా తెరిచి, మధ్య అరలోని ప్లాస్టిక్ క్లిప్పుల డబ్బాలు తీసి కింద పెట్టాడు. అరను గుడ్డతో తుడిచాడు. కృప దుకాణం మెట్లమీదికి వెళ్లి ల్యాబుకు ఫోన్ చేసి, రానని చెప్పింది. ఆమె తిరిగి లోపలికి వచ్చేసరికి బుచ్చయ్య గొంతు తగ్గించి నన్ను అడుగుతున్నాడు.

"అన్నా, మోకాళ్లకు రాసిన గా మొదటి సీసాలు మిగిలినయా ఏమన్న?"

"బాబాయ్, నొప్పి తగ్గదు," అంది కృప.

"ఎరుకనే బిడ్డా. అయినా ఒకటియ్యి."