ఎయిర్ ఫిల్టర్‌కు ఆముదం

మొన్న కారును సర్వీసుకు ఇస్తే, మెకానిక్ బానెట్ తెరిచి, నల్లడబ్బా మూత తీసి, దుమ్ము పట్టిన కాగితం ఫిల్టర్‌ను బయటికి లాగి, కొత్తది పెట్టి, పాతదాన్ని చెత్తడ్రమ్ములోకి విసిరేశాడు. నా చేతిలో టీ ఇంకా సగం కూడా కాలేదు. అయిపోయిందా అని అడిగితే, "అంతేక్కా, దీనికేముంది" అన్నాడు. దీనికేముందో మా ఆయనను అడిగివుంటే తెలిసేది. ఇంజన్లోకి పోయే గాలిలోంచి దుమ్మును ఆపే ఈ ఫిల్టర్ కోసం ఆయన ఒక ఆదివారం మొత్తం పెట్టేవాడు. ఆ ఆదివారం ఇంట్లో ఎవరికీ ఊపిరి సలిపేది కాదు.

ప్రొద్దుటూరులో మాది బట్టల అంగడి. మా ఆయన వారానికి రెండుసార్లు కారు వెనకసీటు నిండా గుడ్డల మూటలు వేసుకుని జమ్మలమడుగు, పులివెందుల అంగళ్లకు తిరిగేవాడు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మా వీధి భాయి ఒకాయన, కాగితానికి బదులు నూలుగుడ్డతో చేసిన ఫిల్టర్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. దాన్ని కడిగి, ఆరబెట్టి, పైన పలుచగా నూనె పట్టిస్తే మళ్లీ వాడుకోవచ్చు, ఆ నూనె జిగురే దుమ్మును పట్టుకుంటుందని చెప్పాడు. మా ఆయన దాన్ని రెండువేళ్ల మధ్య నలిపి చూసి, "గుడ్డను కాగితంలాగ చెత్తలో పారేసే షావుకారు ఎవడుంటాడప్పా, ఇదీ వస్తువంటే" అని మురిసిపోయాడు. ఆయన నోట మెచ్చుకోలు వినడం నాకు అదే మొదలు. అదీ ఒక ఫిల్టర్‌కు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన మా ఆయనకు ఈ జిల్లాలో ఊరే లేదు. చెడ్డవాడా అంటే కాదు. తను పస్తుండి ఎదుటివాడికి పెట్టే మనిషే. కానీ ఏ పనైనా ఒకే తీరులో జరగాలి, ఆ తీరు ఆయనకు మాత్రమే తెలుసు. పప్పులో ఉప్పు తగ్గితే నాలుగిళ్ల అవతలికి వినపడేది. చీర మడత పెడితే అంచు తప్పిందనేవాడు. ముగ్గు వేస్తే చుక్క పక్కకు పోయిందనేవాడు. బాగుంది అనే మాట ఆయన నిఘంటువులో అచ్చు కాలేదు. పెళ్లైన కొత్తలో ఆ మాట కోసం ఎదురుచూసి, తర్వాత అలిగి, ఆ తర్వాత మానేశాను. మానేశాననే అనుకున్నాను.

ఫిల్టర్ కడిగే ఆదివారం పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని కూర్చునేవాడు. ముందు దాన్ని బోర్లించి మెల్లగా తట్టేవాడు. తెల్లగా రాలితే జమ్మలమడుగు నాపరాళ్ల దుమ్ము, ఎర్రగా రాలితే పులివెందుల దోవ మట్టి అని నాకు చూపించేవాడు, అక్కడికి నేనేదో పరీక్షకు కూర్చోబోతున్నట్టు. తర్వాత సబ్బునీళ్లలో నానబెట్టి, కొళాయి సన్నగా వదిలి, లోపలి వైపు నుంచి బయటికి నీళ్లు పోనిచ్చేవాడు. నేను ఒకసారి సాయానికని పైపు పట్టుకుంటే, "ఏందే అది? బయట్నుంచి కొడితే మురికంతా లోపలికి తోస్తాండావు. ఎన్నిసార్లు చెప్పాల నీకు?" అని లాక్కున్నాడు. అంతకుముందు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఎండలో పెడితే గుడ్డ బిగుసుకుంటుందని నీడలోనే ఆరబెట్టేవాడు. అది ఆరేదాకా ఆ పక్క ఎవరూ చీపురు పట్టకూడదు, బట్టలు దులపకూడదు. ఆరాక ఎర్రటి నూనెను ఒక్కో మడత వెంబడి చుక్కచుక్కగా, పసిబిడ్డ చెవిలో వేసినంత భయంగా వేసేవాడు. నూనె ఎక్కువైతే ఇంజన్‌కు గాలి ఆడదట. నాది తలంటు చెయ్యి. నూనె కారేదాకా పోస్తే గాని తృప్తి ఉండదు. ఒకసారి ఆయన భోజనానికి లేచిన సందులో నేను పోశాను. మరుసటిరోజు ఇద్దరం పోతుంటే మైలవరం దాటగానే కారు దగ్గి దగ్గి నిలబడిపోయింది. రోడ్డు పక్కన ఆయన నన్ను తిట్టిన తిట్లకు బర్రెలు తోలుకుపోయే ముసలాయన కూడా ఆగి విన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. అది చూసి ఇంకా తిట్టాడు.

అటువంటి నోరు ఒక పొద్దున పడిపోయింది. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు, మాట, అన్నీ ఒక్కదెబ్బకు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, కుక్కర్ విజిల్ వేస్తే నేనే ఉలిక్కిపడేదాన్ని. రోజూ పలక పట్టుకుని అ, ఆ, అమ్మ, ఆవు అనిపించాలని చూసేదాన్ని. పెదవులు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. డాక్టరు ఒక మాటన్నాడు. కావాలని పలకమంటే రాని మాట, కోపం ముంచుకొచ్చినప్పుడు అలవాటుకొద్దీ దానంతటదే దొర్లుతుంది కొందరికి. ఒక్క మాట దొర్లితే చాలు, దాన్ని పట్టుకుని మిగతావి రాబట్టవచ్చన్నాడు. పులివెందుల నుంచి అన్నను చూసుకోవడానికి వచ్చిన మా ఆడబిడ్డ ఇది విని, ఏడుస్తున్నదల్లా ముక్కు తుడుచుకుని, "వదినా, మా అన్నకు కోపం తెప్పియ్యడం నీకంటే బాగా ఎవరికొచ్చు?" అంది.

ఇద్దరం కలిసి ఆ పనిలో పడ్డాం. ఉప్పు లేని పప్పు పెట్టాను. తిన్నాడు. పట్టపగలు ఇంటినిండా లైట్లు, ఫ్యాన్లు వేసి వదిలేశాను. కళ్లు మూసుకున్నాడు. అంగడిలో తానులన్నీ రంగు చూసుకోకుండా కలిపేశామని మా ఆడబిడ్డ అబద్ధం చెబితే, ఆమె ముఖం వైపు జాలిగా చూశాడు. ప్రతిసారీ ఆయన నోటివంకే చూసేదాన్ని, ఇదిగో ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని. ఇక నా దగ్గర మిగిలింది ఫిల్టర్ ఒక్కటే.

ఒక ఆదివారం ఆయనను కుర్చీతో సహా పెరట్లోకి తెచ్చాం. ఇన్నేళ్లు చూసినదాన్నే కదా, బానెట్ తెరిచి క్లిప్పులు ఊడదీసి నేనే ఫిల్టర్ బయటికి తీశాను. ఆయన కళ్లు దాని మీదికి తిరిగాయి. మా ఆడబిడ్డ నా చెయ్యి నొక్కింది. నేను కొళాయికి పైపు తగిలించి, ఉన్నంత జోరుగా తిప్పి, బయటివైపు నుంచి కొట్టాను. బట్టల బ్రష్షుతో పరపరా రుద్దాను. మిట్టమధ్యాహ్నం ఎండలో, కాలు పెడితే బొబ్బలెక్కే నాపరాయి మీద ఆరబెట్టాను. పక్కనే నిలబడి చాప దులిపాను. ఆయన అన్నీ చూస్తున్నాడు. పెదవి ఒకపక్క వణికింది. నాకు ఆశ పుట్టింది. లోపలికి పరిగెత్తి ఆముదం సీసా తెచ్చాను.

"ఏమండీ, ఆముదం పోస్తాండా. చూస్తాండారా?" అన్నాను.

సీసా మొత్తం వంపాను. మడతలన్నీ నిండి, పొర్లి, నా చీర మీదా ఆయన పాదాల మీదా కారింది. దాన్ని ఆయన ముఖం ముందు పెట్టి నిలబడ్డాను. ఆయన ఫిల్టర్‌ను చూశాడు, నన్ను చూశాడు. ఎడమచెయ్యి ఎత్తాడు. లాక్కుంటాడనుకున్నాను. ఆ చేత్తో నా భుజం తట్టాడు. సగం ముఖంతో నవ్వి, బాగుందన్నట్టు తలూపాడు.

జీవితమంతా నేను అడిగింది అదే. అది వచ్చి నా ముందు నిలబడితే ఫిల్టర్‌ను పక్కన పడేశాను. ఆయన పాదాల దగ్గర కూలబడ్డాను. "బాగలేదండీ. అంతా తప్పే చేసినా. తిట్టండి. ఒక్క మాట తిట్టండి" అన్నాను. దానికీ తలూపాడు. అర్థమయ్యే ఊపాడో, అర్థం కాక ఊపాడో నాకు ఇప్పటికీ తెలియదు. నా ఓర్పుకు జాలిపడ్డాడేమో, ఇక దేన్నీ సరిచేయలేనని వదిలేశాడేమో. అడిగితే చెప్పే నోరు లేదు. మా ఆడబిడ్డ కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి పోయింది. నేను పాతగుడ్డ తెచ్చి, ఆయన వేళ్ల సందుల్లోని ఆముదాన్ని తుడుస్తూ అక్కడే కూర్చున్నాను.

ఆ ఫిల్టర్ మళ్లీ పనికి రాలేదు. ఎన్ని సబ్బులు పెట్టినా ఆముదం వదల్లేదు. ఆయన ఆ తర్వాత ఇంకో ఎండాకాలం దాకా ఉన్నాడు, ఏం పెడితే అది తిని, ఏం చేసినా తలూపి. పోయిన రోజున నేను గట్టిగా ఏడవలేదని చుట్టాలు చెవులు కొరుక్కున్నారట. వాళ్లకేం చెప్పను? కాలం మనిషిని ఒక్కసారే వచ్చి తీసుకుపోతుందనుకుంటాం. మా ఇంట్లో మాత్రం అది ముందు కోపాన్ని పట్టుకుపోయింది, మనిషి కోసం తర్వాత తీరిగ్గా వచ్చింది.