వదినగారి హ్యాండ్‌బ్యాగు

ఆ ఇంట్లో ఎవరికీ పొద్దుపోకపోతే టైలరమ్మ తప్పిపోయిన కథ చెప్పుకునేవాళ్ళు. చెప్పేది వదినగారు, అంటే టైలరమ్మ భర్తకి అక్క. నవ్వేది తక్కిన అందరూ. టైలరమ్మ కూడా నవ్వేది, నవ్వకపోతే ఉక్రోషం వచ్చిందంటారని.

కథ చిన్నదే. పెళ్ళయి పరాయి దేశం వచ్చిన కొత్తలో, తాము ఉండే చిన్న ఊరినుంచి అందరూ నగరం చూడ్డానికి బయల్దేరారు. నగరం స్టేషన్లో దిగి ఇంకో రైలు ఎక్కాలి. "లోపల సంచీ పెట్టుకోడానికి చోటుండదు, ఇలా ఇవ్వు," అని ఆమె సంచీ పుచ్చుకుని వదినగారు బాత్రూముకి పంపింది. బయటికొచ్చేసరికి రైలు కదులుతోంది. తనవాళ్ళంతా అందులోనే ఉన్నారు. భాష రాదు, చేతిలో డబ్బు లేదు, ఫోను లేదు. వాళ్ళు ఎక్కడో దిగి తిరుగు రైలు పట్టుకుని వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటిదాకా ఒక బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. "ముక్కు తుడుచుకోడానికి రుమాలైనా లేదు, పాపం," అని వదినగారు కథ ముగించేది. అక్కడ నవ్వు పెద్దగా వచ్చేది.

ఆవిడ చెప్పకుండా వదిలేసే ముక్క ఒకటుంది. కదులుతున్న రైలు కిటికీలోంచి ఆవిడ టైలరమ్మని చూసింది. చూసి, తల తిప్పుకుంది. తర్వాత అడిగితే, "అయ్యో, నువ్వు ఎక్కేశావనుకున్నామే," అంది. భర్తేమో సీట్లు వెతికే హడావిడిలో తను గమనించనే లేదని ఒట్టేశాడు. భర్త మాట ఆమె నమ్మింది. వదినగారి మీద కసి మాత్రం కడుపులో దాచుకుంది.

ఆ రోజునుంచీ ఇంకో అలవాటు మొదలైంది. ఎక్కడికి వెళ్ళినా వదినగారి హ్యాండ్‌బ్యాగు టైలరమ్మ భుజానికే. ఫోను, కళ్ళజోడు, పర్సు, అన్నీ అందులోనే. "మళ్ళీ తప్పిపోకుండా నీకు నా బ్యాగు కట్టానే," అని ఆవిడ వేళాకోళం. పాపం ఆ బ్యాగు ఎవరిని ఎవరికి కట్టిందో ఆవిడకి తట్టలేదు.

టైలరమ్మకి ఒక లాండ్రీలో పని. వీధివైపు అద్దం పక్కన మిషను. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం, ఒళ్ళొచ్చినవాళ్ళకి నడుము వదులు చెయ్యడం. వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ ఆ దేశపు భాష వచ్చేసింది. వదినగారికి ఇన్నేళ్ళయినా రాలేదు. ఇంట్లో ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది, గడప దాటితే మూగనోము.

మొన్న సెలవురోజున టైలరమ్మ కూతురు అక్వేరియం చూడాలని పట్టుబట్టింది. ఎన్నడూ లేనిది టైలరమ్మే ముందు తయారయింది. నగరం స్టేషన్లో దిగగానే వదినగారు బాత్రూమంది.

"మీరు అమ్మాయిని తీసుకెళ్ళి అక్వేరియం టిక్కెట్ల వరసలో నిలబడండి. మేం వెనకాలే వస్తాం," అని టైలరమ్మ భర్తని పంపేసింది.

వదినగారు అలవాటుగా, అటువైపు చూడనైనా చూడకుండా, బ్యాగు ఆమె చేతికిచ్చి లోపలికెళ్ళింది. టైలరమ్మ మెట్లెక్కి పైనున్న టీ దుకాణంలో అద్దం పక్క కుర్చీ చూసుకుని కూర్చుంది. టీ చెప్పింది.

వదినగారు బయటికొచ్చింది. ఇటు చూసింది, అటు చూసింది. ముందు కోపం వచ్చింది, పెదాలు చూస్తేనే తెలుస్తోంది. తర్వాత భుజం తడుముకుంది. యూనిఫాం మనిషినొకణ్ణి ఆపింది, నోరు తెరిచింది, మాట రాలేదు. అతను బోర్డు వైపు చెయ్యి చూపించి వెళ్ళిపోయాడు. అంతలో టైలరమ్మ కోటులాంటి ఎర్రకోటు కనబడితే పరిగెత్తి చెయ్యి పట్టుకుంది. ఆవిడెవరో చెయ్యి విదిలించుకుంది. చివరికి వదినగారు ఒకప్పుడు టైలరమ్మ ఏడ్చిన ఆ బెంచీ మీదే కూలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

జాలి వెయ్యలేదా అంటే, వేసింది. కానీ టీ ఇంకా వేడిగా ఉంది. ఊదుకుంటూ తాగింది. బ్యాగులో ఫోను మోగితే తీసి, "ఇద్దరం టీ తాగుతున్నామండీ, వచ్చేస్తాం," అని భర్తకి చెప్పింది. ఇంకో టీ తెప్పించుకుంది. ఇంత రుచైన టీ ఆ దేశంలో ఆమె తాగలేదు.

కిందికి దిగేసరికి వదినగారు కొంగు దించి ఆమెని చూసింది.

"ఎక్కడ చచ్చావే?"

"పైన. అద్దంలోంచి మిమ్మల్నే చూస్తున్నాను."

"చూస్తూ ఊరుకున్నావా?"

"మీకు తెలియని పనా వదినా?"

 వదినగారు నేలచూపులు చూస్తూ, "చూశాను," అంది.

"నాకు కాదు. రైల్లో అందరి ముందూ చెప్పండి. చెప్పలేకపోతే ఇవాళ్టి కథ నేను చెబుతాను, ఎర్రకోటావిడతో సహా."

బ్యాగు ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆ రోజు వదినగారు తన బ్యాగు తనే మోసుకుంది.

సాయంత్రం తిరుగు రైల్లో కూతురు ఎప్పటిలాగే అడిగింది. "అత్తా, అమ్మ తప్పిపోయిన కథ చెప్పవూ?"

వదినగారు బ్యాగు పట్టుకుని కూర్చుంది. "మీ అమ్మ తప్పిపోలేదే. నేనే వదిలేశాను. ఆ పొద్దున నేను కుట్టుకున్న కోటు చూసి, చేతులు ఎగుడుదిగుడుగా ఉన్నాయంది, నలుగురిలో. ఒళ్ళు మండింది. కిటికీలోంచి కనబడినా తల తిప్పుకున్నాను."

టైలరమ్మ కడుపు చల్లబడింది. ఇన్నేళ్ళకి ఆ ముక్క కథలోకి వచ్చింది. అంతటితో ఆగితే బాగుండేది, కానీ వదినగారికి కథ మొదలుపెడితే ఆపడం రాదు.

"మీ నాన్న కూడా చూశాడు. 'అక్కా, తను కిందే ఉంది, దిగుదామా' అన్నాడు. 'కూర్చోరా, కాస్త తెలిసొస్తుంది' అన్నాను. కూర్చున్నాడు."

భర్త కిటికీ వైపు తల తిప్పుకున్నాడు. అచ్చం వాళ్ళ అక్కలాగే తిప్పుకున్నాడు. టైలరమ్మ ఆ మెడవైపు కాసేపు చూసింది. రైలు వేగం తగ్గింది, ఏదో స్టేషను వస్తోంది.

"ఇక్కడ కాసేపు ఆగుతుందిటండీ. దిగి కాళ్ళు సాగదీసుకుని రండి," అంది మెత్తగా, చెయ్యి చాపుతూ. "ఫోనూ పర్సూ ఎందుకు బరువు, ఇలా ఇవ్వండి."