స్మాల్ బ్లైండ్‌లో మర్యాద

మా అపార్ట్‌మెంటు ఎల్బీనగర్ చౌరస్తా నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. ఇరవై ఫ్లాట్లు, ఒక లిఫ్టు, ఒక బోరు. వీటిలో ఏదో ఒకటి ఎప్పుడూ రిపేరులో ఉంటుంది కాబట్టి సెక్రటరీ పదవికి పోటీ ఉండదు. ఏటా చీటీలు తీసేవాళ్లం. ఒక ఏడు ఎవరికో అనుమానం వచ్చి, మిగిలిన చీటీలు కూడా విప్పి చూస్తే అన్నింటిలోనూ ఒకే పేరు ఉంది. అప్పటి నుంచి చీటీల మీద జనానికి నమ్మకం కొంచెం తగ్గింది.

పోకర్ టోర్నమెంటు పెడదామన్నది మూడో అంతస్తు లెక్చరర్ గారు. భీమవరం వైపు మనిషి, చైతన్యపురిలో కోచింగ్ పిల్లలకు లెక్కలు చెబుతారు. అప్పటిదాకా సెక్రటరీ చేయనివాళ్లం ఏడుగురం ఆడాలి, అందరికంటే ముందు అవుటైనవాడు ఆ ఏడాదికి సెక్రటరీ. డబ్బు పెడితే నేరం కాబట్టి తలా యాభై చింతగింజలు పెట్టుకున్నాం. ఒక ఆదివారం మధ్యాహ్నం, టెర్రస్ మీద రేకుల షెడ్డు కింద కూర్చున్నాం.

ఏడో మనిషి రెండో అంతస్తు పెద్దాయన. పోచంపల్లి వాళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టి, ముప్పై ఎనిమిదేళ్లు గల్లా దగ్గర కూర్చుని, రెండేళ్ల కింద దుకాణం మూసేశారు. సెక్రటరీ కావాలని ఆయనకు ఎంత కోరికో మాలో ఎవరికీ తెలియదు. నిజానికి అంతకుముందు ఏడు ఆయన నోరు తెరిచి అడిగారట. మీరు హాయిగా రెస్ట్ తీసుకోండి అంకుల్ అని అందరూ ఎంతో గౌరవంగా చెప్పారట. ఆ అందరిలో నేనూ ఉన్నానని తర్వాత గుర్తొచ్చింది.

ఆట మొదలుపెట్టేముందు ఆయన ఒక్కటే అడిగారు, తాను ఓడినా లెక్కలోకి వస్తుందా అని. ఎందుకు రాదు అంకుల్ అని ఎవరో నవ్వుతూ అన్నారు.

పోకర్‌లో పంచే వంతు ఆటాటకూ మారుతుంది, పంచేవాడికి ఎడమ పక్కన కూర్చున్నవాడు స్మాల్ బ్లైండ్. ముక్కలు చూడకముందే ఒక గింజ పెట్టాలి. వాడి పక్కవాడు బిగ్ బ్లైండ్, రెండు గింజలు. ఆట ముదిరేకొద్దీ ఆ గింజలు పెరుగుతాయి. స్మాల్ బ్లైండంత దిక్కుమాలిన సీటు ఇంకోటి లేదని లెక్చరర్ గారు బోర్డు మీద రాసినంత శ్రద్ధగా చెప్పారు. చేతిలో ఏముందో తెలియకుండా సగం పెడతాం, తర్వాత బల్ల మీద ముక్కలు తెరిచాక మిగతావాళ్ల సంగతి తెలియకుండా అందరికంటే ముందు మనమే నోరు విప్పాలి. అపార్ట్‌మెంటు మీటింగులో మొదట లేచినవాడి పరిస్థితి కూడా ఇదే కనుక నాకు వెంటనే అర్థమైంది.

పెద్దాయన నా ఎడమ పక్కన కూర్చున్నారు. అంటే నేను స్మాల్ బ్లైండ్ అయినప్పుడల్లా ఆయన బిగ్ బ్లైండ్. ఓడితే సెక్రటరీ అన్న భయంతో మిగతావాళ్లు ముందే ముక్కలు పడేసి ఆ ఆట వదులుకునేవాళ్లు. చివరికి నేనూ ఆయనా మిగిలేవాళ్లం. పెద్దమనిషి మీద ఏం పడతాంలే అని నేనూ పడేసేవాణ్ని, నా గింజలు ఆయనకు వెళ్లేవి. నా మర్యాద మీద నాకు మంచి అభిప్రాయమే ఉండేది. ఆయన మాత్రం నా వంక అదోలా చూసేవారు.

మిగతా ఆటల్లో ఆయన ముక్కలు అందగానే కింద పెట్టేసి ‘డ్రాప్’ అనేవారు. పాపం, భయపడుతున్నారనుకున్నాం.

టీ విరామంలో ఆయన నన్ను వాటర్ ట్యాంకు వెనక్కి పిలిచారు.

“తమ్మీ, ముప్పై డ్రాపులు కొట్టిన. ఆరు వందల పాయింట్లు. రెండొందల ఒకటికే లేపాలె గదా, నన్నింకెందుకు లేపుతలేరు?”

అప్పుడు అర్థమైంది. ఆయనకు తెలిసిన పేకాట రమ్మీ. అందులో డ్రాప్ కొట్టిన ప్రతిసారీ మన పేరు కింద ఇరవై పాయింట్లు పడతాయి, రెండు వందలు దాటితే ఇంటికే. ఆయన మధ్యాహ్నం నుంచి పట్టుదలగా ఓడిపోతున్నారు.

“అంకుల్, గిది రమ్మీ కాదు. దీంట్ల డ్రాప్ కొట్టేటోడే ఎక్కువసేపు ఉంటడు” అన్నాను.

ఓడిపోవాలని ఎందుకో అడిగాను.

“దుకానం ఉన్నన్ని రోజులు పొద్దున లేస్తే పదిమంది ఏదో ఒకటి అడుగుతుండె. ఇప్పుడు చాయ్ తాగుతవా అని తప్ప నన్నెవ్వరు ఏం అడుగుతలేరు, తమ్మీ.”

ఆ సమయానికి అందరికంటే తక్కువ గింజలు ఆయనవి. వాటికి రెండు ఎక్కువ నావి. ఆయన అవుటైతే ఆయన కోరిక తీరుతుంది, నేనూ బతికిపోతాను. నా జీవితంలో పరోపకారం, స్వార్థం ఒకే కుర్చీలో సర్దుకుని కూర్చున్నది ఆ ఒక్కసారే. ఈసారి మనిద్దరమే మిగిలితే నేను అన్నీ పెడతాను, మీరూ పెట్టండి అని చెప్పాను. ఇది మోసమా అంటే మోసమే. ఎవరికీ నష్టం లేని మోసం అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

నా స్మాల్ బ్లైండ్ వచ్చింది. అందరూ పడేశారు. నా చేతిలో రెండు తొమ్మిదులు. గింజలన్నీ ముందుకు తోశాను. పెద్దాయన ముక్కలు చూడకుండానే తనవీ తోసేశారు. తిప్పితే ఆయనవి రాజు, నాలుగు. బల్ల మీద ఇద్దరికీ కలిపి తెరిచే ఐదింటిలో, మొదటి మూడింటిలోనే ఇంకో రాజు వచ్చింది. అంకుల్ బతికిపోయిండని అందరూ సంతోషించారు, ఆయన తప్ప. నాలుగోది పనికిరాని ముక్క. ఐదోది తొమ్మిది. రెండు రాజుల కంటే మూడు తొమ్మిదులు పెద్దవి.

పెద్దాయన అవుట్. ఆయన లేవబోతుంటే లెక్చరర్ గారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

“అబ్బే, కూర్చోండి బాబాయ్ గారూ. మీరు సరదాకి కూర్చున్నారు గానీ మీతో చాకిరీ చేయిస్తామా? ఇవిగో నావి ఓ పది తీసుకోండి.”

తర్వాత ఇంకొకాయన పది ఇచ్చారు. మరొకాయన గుప్పెడు పోశారు. ఓడిపోయిన మనిషి ముందు రెండు నిమిషాల్లో అందరికంటే పెద్ద కుప్ప తయారైంది. ఆయన ఆ కుప్ప వంక చూశారు, తర్వాత నా వంక చూశారు.

ముందు మాట్లాడాల్సింది నేనేనని అర్థమైంది. ఇంకెవరూ మాట్లాడేట్టు లేరు.

“ఓడిపోయిండు గదా, చెయ్యాల్సిందే. ఆడేముందు లెక్కకొస్తదని చెప్పినం. ఎవరి గింజలు వాళ్లు తీస్కోండ్రి” అన్నాను.

నేను ఆయన ఆస్తి జప్తు చేసినట్టు అందరూ నా వంక చూశారు. పెద్దాయన మాత్రం తల ఊపి, “ఏం జేస్తం, ఆట ఆటనే” అని నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు ముగియకముందే తాళాలు అప్పగించడానికి వచ్చి కూర్చున్న పాత సెక్రటరీ చేతిలోంచి గుత్తి అందుకున్నారు. మెట్లు దిగే వేగానికి ఆయన వయసుతో సంబంధం లేదు.

ఆ తర్వాత మూడు నెలలు లిఫ్టులో నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. లెక్చరర్ గారి భార్య మా ఆవిడతో, మీ ఆయన అంత కఠినమని అనుకోలేదండీ అన్నారట. మా ఆవిడ నా తరఫున వాదించలేదు. తనకు అసలు సంగతి చెప్పాను, అయినా వాదించలేదు.

ఒక రోజు మా బాత్రూము నల్లాలో నీళ్లు రాకపోతే కిందికి దిగాను. సెల్లార్‌లో పెద్దాయన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు, చెవి మీద పెన్ను. ముందు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒకరిది లిఫ్టు, ఒకరిది ట్యాంకరు, ఇంకొకరిది పైవాళ్ల కుక్క. అన్నీ వింటున్నారు, ఎవరికీ తొందరపడి జవాబు ఇవ్వడం లేదు. నేను పక్క నుంచి నల్లా సంగతి ఎత్తాను. ఆయన తల కూడా తిప్పలేదు.

“ఆగు తమ్మీ. వీళ్లది అయినంక.”

వెళ్లి నాలుగోవాణ్నిగా నిలబడ్డాను.