బుడగ లేని సీసా

మా పక్కింటి కెమిస్ట్రీ మేష్టారు పోయారని ఫోన్ వస్తే రాజోలు నుంచి బయల్దేరాను. వెళ్ళేసరికి రొయ్యల చెరువుల పెద్దమనిషి ఆయన అరుగు మీదే కూర్చుని, మేష్టారు ఊరికెంత మేలు చేశారో చెబుతున్నాడు. నేను పలకరించకుండా దాటి లోపలికెళ్ళాను.

తొంభైల్లో ఆ చెరువులు తవ్వాక మా వీధి నూతులు ఒక్కొక్కటే ఉప్పెక్కాయి. సముద్రం లోపలికొస్తోంది, ఎవరేం చేస్తారని ఈ పెద్దమనిషే తేల్చేశాడు. పొలం ఆయనకు కౌలుకిచ్చిన మా నాన్న తలూపాడు. మేష్టారు మాత్రం సీసాలు పట్టుకుని నూతినీళ్ళ కోసం ఇల్లిల్లూ తిరిగారు. చెరువులో ఎండకి నీరు ఆవిరైనప్పుడు తేలిక నీరు ముందు పోయి బరువు నీరు మిగులుతుందని, నూతిలోకి దిగినా ఆ గుర్తు చెరగదని, ఈ బరువు తేడాలు, అంటే ఐసోటోపులు, చూసే లేబరేటరీకి పంపితే ఉప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుందని గోడ మీంచి నాకు చెప్పేవారు.

మొదటి ఫలితంలో ప్రతి నూతికీ చెరువు గుర్తే వచ్చింది. నేను సంబరపడ్డాను. ఇంకా తియ్యగా ఉన్న నూతుల్లో కూడా ఎలా వస్తుందని ఆయన మళ్ళీ ఇల్లిల్లూ అడిగారు. మా అమ్మ నిజం చెప్పింది.

"మేష్టారికి పచ్చినీళ్ళెలా ఇస్తామండీ? కాచి చల్లార్చి పోసేను."

వీధంతా అదే మర్యాద చేసింది. పొయ్యి మీద కాచినా ఆవిరే, పడేదీ ఆ గుర్తే. కాగితం మనకి అనుకూలంగానే ఉంది కదా, ఉండనివ్వండన్నాను.

"వాళ్ళు సముద్రం మీద అబద్ధం చెప్పేరండి. మనం చెరువు మీద చెప్పకూడదు," అని చింపేశారు.

ఈసారి తనే తోడి, లోపల గాలుంటే అందులోకీ నీరు ఆవిరవుతుందని గాజు సీసాలు నీళ్ళలో ముంచి, బుడగ లేకుండా నింపి పంపారు. ఉప్పెక్కిన నూతుల్లోనే చెరువు గుర్తు తేలింది. పంచాయతీలో ఆయన అది చదివితే ఒక్కరూ నోరు విప్పలేదు. నాన్నకి కోపం వస్తుందని నేనూ విప్పలేదు. తలుచుకుంటే నా మీద నాకే రోత. ఆ పెద్దమనిషి తర్వాత వీధికి మంచినీళ్ళ టిన్నులు పంపి దాత అనిపించుకున్నాడు.

ఇవాళ కాటికి తీసుకెళ్ళేముందు మేష్టారి నోట్లో ఆఖరిసారి నీళ్ళు పోసే వేళ మినరల్ వాటర్ సీసా అందించిందీ ఆయనే. మేష్టారి భార్య చెయ్యి చాపలేదు.

"ఆయన తాగే నీళ్ళు ఇంట్లో ఉన్నాయండి."

లోపలికెళ్ళి మూతకి మైనం వేసిన గాజు సీసా తెచ్చారు. చెరువులు రాకముందు, క్లాసులో చూపించడానికి మేష్టారు తమ నూతిలో ముంచి, బుడగ లేకుండా నింపి దాచుకున్నది. మూత తీసి ఆయన పెదవుల మీదికి వంచారు. ఇన్నేళ్ళకి మొదటిసారి అందులో ఒక బుడగ పైకి లేచింది.