మల్లేశు తుంటి ఎక్స్‌రే

2010 జూన్‌లో నన్ను శంషాబాద్ దగ్గరి ఒక ప్రభుత్వ ఆసుపత్రికి సీనియర్ రేడియోగ్రాఫర్‌గా బదిలీ చేశారు. ఎక్స్‌రే విభాగమంతా నా అధీనంలో ఉండేది. విభాగమంటే ఒక యంత్రం, ఫిల్ములు కడిగే చీకటి గది. సీనియర్ అన్నానా? అక్కడ ఉన్నది నేనొక్కణ్ణే. జూనియర్‌నూ నేనే.

ఆ వానాకాలంలో మామిడిపల్లి నుంచి అంజమ్మ అనే రైతు మనిషి తన తమ్ముడు మల్లేశును ఆటోలో తీసుకొచ్చింది. అతనికి ముప్పై అయిదేళ్లు. పుట్టుకనుంచే బుద్ధి ఎదుగుదల తక్కువ, మాటలు నాలుగైదే. కొన్ని వారాలుగా నిలబడటం లేదు, లేపబోతే కొడుతున్నాడు. అంతకుముందు చూపించినచోట ‘ఇలాంటివాళ్లకు మొండితనం మామూలే’ అని నిద్రమాత్రలిచ్చి పంపారట. మా డాక్టరుగారు మాత్రం తుంటికి ఎక్స్‌రే రాశారు.

ఈ కథ నేను చాలా పెళ్లి పందిళ్లలో చెప్పాను. అతని పాదం బయటికి తిరిగి ఉండటం గుమ్మంలోనే కనిపెట్టి, ఫిల్ము తీయకముందే ‘తొడ ఎముక మెడ, తుంటి కీలు కిందే, విరిగింది’ అని ప్రకటించినట్టు చెప్పేవాణ్ణి. జరిగింది అది కాదు.

మొదటిరోజు ఇద్దరు వార్డు సిబ్బంది చేత అతణ్ణి బల్లకు అదిమి పట్టించాను. అరిచాడు, కదిలాడు, ఫిల్ము మసకగా వచ్చింది. చీటీ మీద ‘రోగి సహకరించలేదు’ అని రాశాను. మా వృత్తిలో చెల్లే మాట అది. రాస్తే బాధ్యత మన గది దాటిపోతుంది. అయిదు రోజులకు మళ్లీ వచ్చారు. గుమ్మంలో అరుపు విని, బల్లదాకా తీసుకెళ్లకుండానే అదే మాట రాశాను.

ఇంకో మూడు రోజులకు వచ్చినప్పుడు అంజమ్మ చీటీ నా ముందు పెట్టింది.

“గిండ్ల ఏం రాసిండ్రో జర చదువుండ్రి సారూ.”

చదివాను.

“వాడు ఎట్ల పండుకుంటడో నన్నెవరన్న అడిగిండ్రా? పాలు పిండ బర్రె దగ్గరికి పోయినా జర నిమిరి కూసుంటం. మనిషిని గట్ల అదిమి పడతరా?”

“ఎలా పడుకుంటాడమ్మా?” అన్నాను. ఆ ప్రశ్న నా నోట రావడానికి ఎనిమిది రోజులు పట్టింది.

“సల్లటిదాని మీద పండడు. గొంగడి పరవాలె. ముందుగాల నేను పండాలె. సూస్తడు, ఇగ వాడు పంటడు.”

ఆటోలోని గొంగడి తెప్పించి బల్ల మీద పరిచాను. ఆమె పడుకుంది. యంత్రాన్ని ఆమె మీదికి జరిపి, నోటితో ‘టక్’మని, లేవమన్నాను. మల్లేశు అంతా చూశాడు. తర్వాత పట్టుకుని ఎక్కిస్తే పడుకున్నాడు. ఈ ఎక్స్‌రేకు మామూలుగా పాదాలు లోపలికి తిప్పుతాం. విరిగిందన్న అనుమానముంటే తిప్పకూడదు. తిప్పబోతూ చూశాను, కుడిపాదం బయటికి వాలిపోయి ఉంది. ముట్టుకోలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని నిలబడాలి కనుక అంజమ్మకు కిరణాలు తగలకుండా సీసపు ఆప్రాన్ తొడిగాను.

“గింత బరువేంది సారూ? నన్ను గూడ అదిమి పట్టెటందుకా?”

ఒక్క ఫిల్ముతో పనైంది. తొడ ఎముక మెడ దగ్గర విరిగింది. ఇన్నాళ్లూ అతణ్ణి ఆ కాలి మీదే నిలబెట్టబోయారు.

నగరంలో ఆపరేషన్ చేశారు. మల్లేశు కర్ర పట్టుకుని నడుస్తున్నాడని తర్వాత అంజమ్మ చెప్పింది. ముందే తెస్తే అవిటితనం తక్కువయ్యేదని అక్కడి సర్జన్ అన్నాడట. అందులో నా ఎనిమిది రోజుల వాటా ఎంతో నేను అడగలేదు.

చెప్పుకోలేని మనిషి నడవడి మారితే, వైకల్యం మీదికి నెట్టకుండా ముందు నొప్పిని వెతకాలి. ఎలా వెతకాలో వెంట వచ్చినవాళ్లకు తెలుస్తుంది. రిటైరయ్యేదాకా యంత్రం ముట్టకముందు వాళ్లను అడిగాను. చాలామందికి రెండు నిమిషాలు పట్టింది. కొందరికి పూటంతా పట్టింది, పట్టనిచ్చాను.